దీపం ఆర్పి వెళ్ళినవాళ్ళు, ఆకలితో నడిచి వచ్చినవాళ్ళు

వదినగారూ, ఒక్క నిమిషం ఆగండి. బట్టలు కాసేపయ్యాక ఆరేసుకోవచ్చు, ఎండ ఎక్కడికీ పోదు. మొన్న మీరో మాటన్నారు చూడండి, "అంతమంది కోట్లేసుకుని కూర్చుని గంటసేపు వాయిస్తారు, పాటా ఉండదు, మాటా ఉండదు, ఏం వింటారమ్మా అందులో?" అని. ఆ మాట నా మనసులోనే ఉండిపోయింది. దానికి జవాబు చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. స్వరాల లెక్కలూ, తాళాల లెక్కలూ చెప్పనులెండి. వాయించినవాళ్ళ సంగతి చెబుతాను. నాకు సింఫనీల మీద ఇష్టం పుట్టింది అక్కణ్ణుంచే. రాసినాయన పేరు అట్ట మీద పెద్దక్షరాల్లో వేస్తారు, నడిపినాయన ఫొటో వేస్తారు. వాయించిన వందమంది పేర్లు వెతికినా కనపడవు. కానీ కొన్ని సింఫనీల కథంతా ఆ పేర్లు లేనివాళ్ళదే.

హైడన్ అని ఆస్ట్రియా ఆయన. 1732లో పుట్టాడు. తండ్రి బండిచక్రాలు చేసేవాడు, తల్లి పెళ్ళికి ముందు ఒక దొరగారి కోటలో వంటమనిషి. ఈయన 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరాడు. ఆ రోజుల్లో సంగీత విద్వాంసుడంటే నౌకరే. ఒప్పందం కాగితంలోనే రాశారు, తెల్ల మేజోళ్ళు, తెల్ల చొక్కా వేసుకుని, జుట్టుకు పౌడరు రాసుకుని, రోజుకు రెండుసార్లు ప్రభువు గది బయట నిలబడి ఈ పూట వాయించాలా వద్దా అని అడగాలని. వాయిద్యగాళ్ళ మధ్య తగాదాలొస్తే తీర్చడం కూడా ఆయన పనేనని అదే కాగితంలో ఉంది. అలా వాళ్ళకు పెద్దదిక్కయ్యాడు. నాన్నా అని పిలిచేవారట ఆయన్ని.

ఆ ప్రభువుల్లో నికొలౌస్ అనే ఆయనకు సంగీతమంటే ప్రాణం. హంగరీలో ఒక చిత్తడి నేల మీద ఎస్టర్‌హాజా అని పెద్ద మహలు కట్టించి, ఏటా వేసవికి కొలువునంతా అక్కడికి తీసుకెళ్ళేవాడు. వాయిద్యగాళ్ళ పెళ్ళాంబిడ్డలేమో ఐజెన్‌స్టాట్‌లో ఉండిపోయేవారు, అక్కణ్ణుంచి దాదాపు ఒక రోజు ప్రయాణం. సరే, వేసవి వరకే కదా అని ఓర్చుకునేవారు. 1772 మొదట్లోనే ఒక ఉత్తర్వు వచ్చింది. వాయిద్యగాళ్ళ భార్యలు గానీ పిల్లలు గానీ మహలు దగ్గర ఒక్కరోజు కూడా కనపడకూడదని. హైడన్‌కూ, వయొలిన్ల పెద్ద తొమసీనికీ, ఇద్దరు గాయకులకూ మాత్రం మినహాయింపు. ఆ ఏడు వేసవి అయిపోయింది, చలి మొదలైంది. ప్రభువు కదిలే సూచన లేదు. అందరూ కలిసి హైడన్ దగ్గరికొచ్చి మొత్తుకున్నారు.

ఆయనేం చేశాడో చూడండి. అర్జీ రాయలేదు, వెళ్ళి కాళ్ళూ పట్టుకోలేదు. ఒక సింఫనీ రాశాడు. ఇప్పుడు దాన్ని 45వ సింఫనీ అంటారు, 'వీడ్కోలు' అని పేరు పడిపోయింది. దానికి ఆయన ఎంచుకున్న శ్రుతి ఆ రోజుల్లో ఎవరూ ముట్టుకోనిది. అప్పటి హార్న్‌లకు ఇప్పటిలా మీటలు ఉండేవి కావు. శ్రుతి మార్చాలంటే గొట్టం ముక్క మార్చి తగిలించాలి. ఈ శ్రుతికి సరిపోయే ముక్కలు వాళ్ళ దగ్గర లేక, వియన్నాలో హార్న్‌లు తయారుచేసేవాడి దగ్గర ప్రత్యేకంగా చేయించారు. అంత పని పెట్టుకుని రాశాడంటే, ఆ సంగీతంలో ఉన్న ఉక్కపోత ఊరికే వచ్చింది కాదు. మొదటి భాగం వింటుంటేనే తెలుస్తుంది, ఎవరో గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నట్టుంటుంది.

అసలు సంగతి చివర్లో. నాలుగో భాగం మహా వేగంగా పరుగెడుతూ ఉన్నట్టుండి ఆగుతుంది. అయిపోయిందనుకుంటాం. అప్పుడు నెమ్మదిగా ఇంకో పాట ఎత్తుకుంటారు. ముందు ఒక ఓబో, ఒక హార్న్ తమ వంతు చక్కగా వాయించి, స్టాండు మీదున్న కొవ్వొత్తి ఆర్పి, వాయిద్యం చంకన పెట్టుకుని లేచి వెళ్ళిపోతారు. తరవాత బస్సూన్ ఆయన. తరవాత రెండో ఓబో, ఇంకో హార్న్. వెనకాల నిలబడే పెద్ద బేస్ వయొలిన్ ఉంటుంది చూడండి, దానికీ వెళ్ళేముందు ఒక ముచ్చటైన వంతు ఇచ్చాడు. ఎప్పుడూ అడుగున ఆసరాగా ఉండే వాయిద్యం, దాని గొంతు ఎవరూ ప్రత్యేకించి వినరు, ఆ రోజు ప్రభువు దాన్నీ వినాల్సొచ్చింది. తరవాత సెల్లోలు, వయొలిన్లు, వయోలా. ఒక్కో కొవ్వొత్తీ ఆరుతూంటే గది చీకటి పడుతూ వచ్చింది. చివరికి రెండు వయొలిన్లు మిగిలాయి, హైడనూ తొమసీనీను.

ఆ ఇద్దరికీ భార్యల్ని తెచ్చుకునే అనుమతి ఉందని చెప్పానా? ఇంటికి పోవాల్సిన తొందర లేనివాళ్ళే చివరిదాకా కూర్చున్నారన్నమాట. నాకు అందులో ఒక న్యాయం కనపడుతుంది. వెళ్ళాల్సినవాళ్ళని ముందు పంపించాడు. ప్రభువుకు సంగీతం తెలుసు కాబట్టి విషయం అర్థమైంది. మర్నాడే ప్రయాణానికి ఉత్తర్వులిచ్చాడట. ఇది హైడన్ ముసలితనంలో తన జీవితకథ రాయడానికి వచ్చిన గ్రీజింగర్ అనే ఆయనకు స్వయంగా చెప్పిన కథ. అంతమంది ఉద్యోగుల బాధని ఒక్క దురుసు మాట లేకుండా యజమాని చెవిన వేయడం, అదీ ఆయనకు ఇష్టమైన భాషలోనే వేయడం, ఇంతకన్నా పెద్దమనిషితనం ఉంటుందా చెప్పండి!

బీథోవెన్ తొమ్మిదో సింఫనీ సంగతి మీకు తెలిసే ఉంటుంది, చెవుడొచ్చాక రాశాడని అందరూ చెప్పేదే. 1824 మే 7న వియన్నాలో మొదటిసారి వాయించారు. నేను ఆలోచించేది ఆ రోజు వాయించినవాళ్ళ గురించి. నాటకశాల ఆర్కెస్ట్రా వాళ్ళు కొందరు, సరదాకి వాయించేవాళ్ళు కొందరు. అంత కష్టమైన రచనకు పూర్తి రిహార్సళ్ళు రెండే. ఎదురుగా బీథోవెన్ నిలబడి చేతులూపుతున్నాడు, కానీ ఆయనకు ఏమీ వినపడదు. అందుకని పక్కన ఉమ్లౌఫ్ అనే ఆయన అసలు తాళం చూపిస్తుంటే, వీళ్ళు ఉమ్లౌఫ్‌ని చూసి వాయించాలి, బీథోవెన్‌ని నొప్పించకూడదు. వందమంది కలిసి ఒక ముసలాయన గౌరవం కాపాడారు ఆ సాయంత్రం. చప్పట్లు కూడా ఆయనకు వినపడకపోతే, పాడిన ఇరవయ్యేళ్ళ పిల్ల కరొలీన్ ఉంగర్ ఆయన్ని పట్టుకుని జనం వైపు తిప్పింది. అందరూ ఆ తిప్పడం దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు గంటసేపు ఎదురుగా ఒకరుంటే పక్కనున్న ఇంకొకరి తాళానికి వాయించిన ఆ జనం మీద గౌరవం.

ఇక లెనిన్‌గ్రాడ్. దీనికి కాస్త తీరిక కావాలి, గోడ మీద మోచేతులు ఆనించుకోండి.

మన ఇళ్ళల్లో విశాలాంధ్ర దుకాణంలో కొన్న సోవియట్ పుస్తకాలు చదివినవాళ్ళకు ఆ ఊరి పేరు కొత్త కాదు. 1941 సెప్టెంబరు 8న జర్మన్ సైన్యం ఊరిని చుట్టేసింది. 1944 జనవరి 27 దాకా, 872 రోజులు. ఆ మొదటి చలికాలం ఎంత ఘోరమంటే, నవంబరు చివరనుంచి డిసెంబరు చివరిదాకా ఆఫీసు ఉద్యోగులకూ ఇంట్లో ఉండేవాళ్ళకూ రోజుకు 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండితో పాటు ఇంకేవేవో కలిపేవారు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, లక్షలమంది పోయారు. రేడియో మాత్రం ఆపలేదు. చెప్పడానికి ఏమీ లేని వేళల్లో మెట్రోనోమ్ పెట్టేవారు, అదే, తాళం లెక్కపెట్టే యంత్రం, టక్ టక్ మని. ఆ చప్పుడు వినపడుతోందంటే ఊరు బతికుందని లెక్క. వేగం పెరిగిందంటే విమానాలొస్తున్నాయని.

సింఫనీలు రాసే షొస్టకోవిచ్‌ది ఆ ఊరే. ముట్టడి మొదలయ్యేటప్పటికి ఏడో సింఫనీ రాస్తున్నాడు. సంగీత కళాశాల కప్పు మీద నిప్పులార్పే దళంలో కూడా పనిచేశాడు. అక్టోబరులో ప్రభుత్వం ఆయన్ని బయటికి తరలిస్తే, కుయిబిషెవ్ అనే ఊళ్ళో డిసెంబరు 27న పూర్తి చేశాడు. 1942 మార్చి 5న అక్కడే మొదటి కచేరీ జరిగింది. స్వరప్రతిని ఫిల్మ్‌గా తీసి టెహ్రాన్, కైరోల మీదుగా పాశ్చాత్య దేశాలకు పంపారు. లండన్ విన్నది, అమెరికాలో టొస్కనీని అనే కండక్టర్ రేడియోలో వాయింపించాడు. ఎవరి కోసం రాశాడో ఆ ఊరు మాత్రం ఇంకా వినలేదు.

ఊళ్ళో ఉన్న పెద్ద ఆర్కెస్ట్రాని, మ్రవీన్స్కీ నడిపేదాన్ని, ముందే సైబీరియాకు తరలించారు. మిగిలింది రేడియో ఆర్కెస్ట్రా ఒక్కటే. దాన్ని నడిపేది కార్ల్ ఎలియాస్‌బెర్గ్. ఆయనే తిండిలేక మంచం పట్టి, భార్యతో పాటు అస్టోరియా హోటల్లో పెట్టిన ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉన్నాడు. మార్చి చివర మొదటి రిహార్సల్‌కు పిలిస్తే రాగలిగినవాళ్ళు 15 మంది దాకా. మిగతావాళ్ళు చనిపోయారు, లేదా లేవలేరు. మూడు గంటలనుకున్న రిహార్సల్ పావుగంటలో ఆపేశారు. వాయించే ఓపిక లేదు.

క్సేనియా మాతుస్ అని ఓబో వాయించే అమ్మాయి చెప్పిన సంగతి వినండి. ఓబో మన సన్నాయి జాతిదే, రెండు ఆకుల మధ్యనుంచి ఊదేది. చాలాకాలం ముట్టకపోవడంతో ఆ పిల్ల ఓబో మూతలు పాడైపోయాయి. బాగుచేసేవాడి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఎంతివ్వాలంటే డబ్బొద్దు, ఒక పిల్లిని తెచ్చిపెట్టు అన్నాడట. తినడానికి, వదినగారూ. అలాంటి ఊళ్ళో ఓబో బాగుచేయించుకోవాలని బయల్దేరింది ఆ పిల్ల. నేను ఆ కథ విన్నప్పటినుంచీ ఓబో ఎక్కడ వినిపించినా ఆమే గుర్తొస్తుంది.

డ్రమ్ము వాయించే ఐదారోవ్ చనిపోయాడని చెప్పారట. ఎలియాస్‌బెర్గ్ శవాల గదికి వెళ్ళి వెతికితే, అతని వేలు కదలడం కనిపించిందట. తీసుకొచ్చి తిండి పెట్టి బతికించుకున్నారని చెబుతారు. ఆ సింఫనీ మొదటి భాగంలో డ్రమ్ము వాయించింది ఆయనే.

ఈ సింఫనీకి వందమందికి పైగా కావాలి. ఊదే వాయిద్యాలే ఎన్నో, 8 హార్న్‌లు, 6 ట్రంపెట్లు, 6 ట్రాంబోన్లు. చెయ్యి ఊపి వాయించే వయొలినైతే ఎలాగోలా లాగించవచ్చు. గాలి ఊదాలంటే ఊపిరితిత్తుల్లో బలం ఉండాలి. తిండిలేనివాడికి అదెక్కణ్ణుంచి వస్తుంది? మొదటి ట్రంపెట్ ఆయన తన వంతు వచ్చినా వాయించకుండా ఊరుకుంటే, కండక్టర్ ఎందుకని అడిగాడట. ఊపిరి లేదండీ అన్నాడట. అందుకని లెనిన్‌గ్రాడ్ సైన్యాధిపతి గోవరోవ్ యుద్ధరంగం నుంచి మిలిటరీ బ్యాండువాళ్ళని పంపించాడు. తుపాకీ దించి ట్రాంబోన్ పట్టుకోవడమన్నమాట. వాయిద్యగాళ్ళకు కాస్త అదనపు రేషన్ ఏర్పాటు చేశారు. స్వరప్రతి ఒక సైనిక విమానంలో ముట్టడి దాటి వచ్చింది. ఒక్కొక్కరి భాగం చేత్తో నకలు రాసుకోవాలి, దానికి రాత్రింబవళ్ళు పట్టింది.

ఇక్కడ మీకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఎలియాస్‌బెర్గ్ చాలా కఠినంగా ఉండేవాడు. ఆలస్యమైతే, సరిగా వాయించకపోతే, ఆ పూట రొట్టె కోత. భార్యని పాతిపెట్టి వచ్చి ఆలస్యమైన మనిషికి కూడా మినహాయింపు ఇవ్వలేదట. ఏమిటీ, మనిషేనా అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. కానీ తరవాత ఆలోచిస్తే, ఆయన కాస్త మెత్తబడి ఒక్కరిని వదిలేసి ఉంటే, రేపటికి పదిమంది, ఎల్లుండికి ముప్ఫైమంది మంచం మీదే ఉండిపోయేవాళ్ళు. లేచి నడవడానికి ఏదో ఒక కారణం కావాలి ఆ మనుషులకు. అది సరైన పనని నేను అనలేను. తప్పని కూడా ఇక్కడ మన గోడ దగ్గర నిలబడి అనలేను. రిహార్సళ్ళు జరుగుతుండగానే ముగ్గురు వాయిద్యగాళ్ళు చనిపోయారు.

మొత్తం సింఫనీని మొదలునుంచి చివరిదాకా ఏకబిగిన వాయించింది ఒక్కసారే, కచేరీకి మూడు రోజుల ముందు. అంతకుముందు ఎప్పుడూ అంత ఓపిక చాలలేదు.

కచేరీ 1942 ఆగస్టు 9న. ఆ రోజుకు ఊరు లొంగిపోతుందనీ, అస్టోరియా హోటల్లో విందు చేసుకుంటాననీ హిట్లర్ అనుకున్నాడని ఒక మాట ఉంది. ఎలియాస్‌బెర్గ్ చావు తప్పించుకున్న హోటలే అది. ఆ సాయంత్రం గోవరోవ్ ముందుగానే జర్మన్ ఫిరంగుల మీద 3,000 గుళ్ళు కురిపించాడు, కచేరీ సాగినంతసేపూ అవి నోరెత్తకుండా. ఆగస్టు నెలలో కూడా వాయిద్యగాళ్ళు బట్టల మీద బట్టలు వేసుకున్నారు. ఒంట్లో ఏమీ లేనివాళ్ళకు ఎండలోనూ చలే. నల్ల కోటు ఎలియాస్‌బెర్గ్ ఒంటి మీద వేలాడుతోంది. హాల్లో షాండిలియర్లు వెలిగించారు. ఊరంతా లౌడ్‌స్పీకర్లు. శత్రువుల కందకాల వైపు కూడా తిప్పి పెట్టారు.

ఆ మొదటి భాగంలో ఒక చిన్న వరస ఉంటుంది, పెరేడ్‌లో వాయించే చిన్న డ్రమ్ము మీద మొదలై, వినపడీ వినపడనట్టు. మొదట వయొలిన్ తీగలు మీటుతూ పాడతాయి. తరవాత ఫ్లూట్. అదే పాట, అదే డ్రమ్ము, ప్రతిసారీ ఇంకొన్ని వాయిద్యాలు చేరుతూ, పెద్దదవుతూ, చివరికి భరించలేని రొద అవుతుంది. ఫ్రెంచాయన రవెల్ 1928లో రాసిన 'బొలెరో' కూడా ఇదే పద్ధతి. దాంట్లో డ్రమ్ము వాయించేవాడు మొదటినుంచి చివరిదాకా ఒకే నడకలో 4,000కు పైగా దెబ్బలు కొట్టాలి, ఎక్కడా తడబడకూడదు. ఆ బరువు మోసేవాడికి చప్పట్లు మాత్రం కండక్టర్ చెయ్యి చూపిస్తేనే. లెనిన్‌గ్రాడ్‌లో ఆ బరువు మోసింది ఐదారోవ్. శవాల గదినుంచి లేచొచ్చిన మనిషి.

దాదాపు గంటా పదిహేను నిమిషాలు. చివరి భాగంలో కొందరికి ఓపిక అయిపోతుంటే, జనం లేచి నిలబడ్డారట. అయ్యాక ఒక చిన్నపిల్ల వచ్చి కండక్టర్‌కు పూలగుత్తి ఇచ్చింది. అలాంటి ఊళ్ళో పూలు పెంచారు ఎవరో!

యుద్ధమయ్యాక ఏమైందంటే, మ్రవీన్స్కీ ఆర్కెస్ట్రా తిరిగొచ్చింది, పెద్ద పేరంతా వాళ్ళదే అయింది. ఎలియాస్‌బెర్గ్ పక్కకు పడిపోయాడు. ఇదొక్కటి నాకు మింగుడు పడదు. 1964 జనవరి 27న, ముట్టడి ముగిసి సరిగ్గా ఇరవయ్యేళ్ళకి, మిగిలిన 22 మందీ అదే హాల్లో, ఎవరి పాత కుర్చీలో వాళ్ళు కూర్చుని మళ్ళీ వాయించారు, ఎలియాస్‌బెర్గే నడిపాడు. ఆ రోజు షొస్టకోవిచ్ వచ్చి విన్నాడు.

ఇదంతా ఎక్కడో రష్యా కథ అంటారేమో. ఇలాంటిదే ఇంకోచోట మనవాడొకడు చేశాడు. జుబిన్ మెహతా, బొంబాయి పార్సీ, 1936లో పుట్టాడు. ఆయన పుట్టడానికి ముందు ఏడే తండ్రి మెహ్లీ మెహతా బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టాడు. బోస్నియాలో సరయెవో ఊరు ముట్టడిలో ఉండగా, 1994 జూన్‌లో జుబిన్ అక్కడికి వెళ్ళాడు. తగలబడిపోయిన జాతీయ గ్రంథాలయంలో, కప్పులేని శిథిలాల మధ్య, ఆ ఊరి వాయిద్యగాళ్ళతోనే మోజార్ట్ 'రెక్వియెమ్' నడిపించాడు. పోయినవాళ్ళ కోసం పాడేదది. బయటినుంచి పెద్ద ఆర్కెస్ట్రాని వెంటేసుకుని వెళ్ళవచ్చు ఆయన. ఆ ఊరివాళ్ళతోనే వాయింపించడం చూశారా, అదే నాకు గొప్పగా అనిపిస్తుంది.

మన సినిమా పాటలు మాత్రం? మద్రాసు స్టూడియోల్లో వయొలిన్లవాళ్ళు వరసలు వరసలుగా కూర్చుని, గాయకుడితో కలిపి ఒకేసారి రికార్డు చేసే రోజులు మీకూ నాకూ తెలుసు. ఒక్కరు తప్పితే మళ్ళీ మొదటినుంచి. ఆ పాటలు ఇప్పటికీ మన వంటింట్లో మోగుతున్నాయి. టైటిల్సులో వాళ్ళ పేర్లు ఎప్పుడన్నా చూశామా? 2025 మార్చి 8న ఇళయరాజాగారి 'వేలియంట్' సింఫనీని లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మనిక్ వాళ్ళు వాయించారని పేపర్లన్నీ రాశాయి. ఆయన పేరు వినగానే మనందరికీ ఎంత సంతోషం! ఆ సంతోషంలో కొంచెం ఆ వాయించినవాళ్ళకూ చెందాలి. అంతే నేననేది.

మీరు మొదట ఆ లెనిన్‌గ్రాడ్ సింఫనీ వినొద్దు, బరువు ఎక్కువ. హైడన్‌ది పెట్టుకోండి, పాతిక నిమిషాలే. యూట్యూబులో 'ఫేర్‌వెల్ సింఫనీ' అని తెలుగులో చెప్పినా వస్తుంది. వాయిద్యగాళ్ళు నిజంగా లేచి వెళ్ళే వీడియో చూసి ఎంచుకోండి, కొందరు కుర్చీల్లోంచి కదలకుండానే వాయించేస్తారు, అది నాకు నచ్చదు. చివరి ఏడెనిమిది నిమిషాలు మాత్రం పక్కన ఇంకో పని పెట్టుకోకండి. పెద్ద బేస్ వయొలిన్ ఆయన లేచేముందు ఏం వాయిస్తాడో జాగ్రత్తగా వినండి. ఆయన తరవాత ఎవరు లేచారో సాయంత్రం నాకు చెప్పాలి సుమా. అది నచ్చితే ఆదివారం ఇద్దరం మా ఇంట్లో కూర్చుని ఐదారోవ్ డ్రమ్ము విందాం. అన్నయ్యగారిని కూడా తీసుకురండి, ఆయనకు మృదంగం చెవి ఉంది కదా, ఆ డ్రమ్ము నడక ఎక్కడ గట్టిపడిందో మనకన్నా ముందు పట్టేస్తారు.